బొమ్మ కింద ఎవరి పేరు

ప్రెస్సులో బొమ్మల పనికి చేరినవాళ్లకు మొదట నేర్పేది, బ్లాకు కింద కాగితం ముక్కలు అతికించి దాన్ని అక్షరాల ఎత్తుకు తేవడం. అది వారంలో వస్తుంది. గీతలు పూడుకుపోకుండా సిరా ఎంత పెట్టాలో తెలియడానికి ఏడాది పడుతుంది. ఈ బొమ్మ ఎవరిది, మనం వేసుకోవచ్చునా అని అడగడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. పదేళ్లు పనిచేశాక, ఒక మనిషికి నష్టం చేసి నేర్చుకున్నాను. అచ్చు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకూ, కాలేజీల్లో పరిశోధన చేసి పుస్తకాలు వేసేవాళ్లకూ ఆ సంగతి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను పనిచేసింది నల్లగొండలో ఒకే ప్రెస్సులో. అక్షరాలు కూర్చే కంపోజిటరుగా చేరాను. తర్వాత ప్రూఫులు దిద్దాను. ఆ తర్వాత బొమ్మల బాధ్యత నాకు అప్పజెప్పారు. ఎప్పుడు ఏ హోదా వచ్చిందన్నది ఎవరికీ అక్కర్లేని విషయం.

నా చదువు

మాది కట్టంగూరు దగ్గర మగ్గం నేసే ఇల్లు. బడిలో ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివాను. మిగతా చదువంతా నల్లగొండ లైబ్రరీలోనే. ప్రెస్సు పని అయ్యాక చేతుల సిరా కిరసనాయిలుతో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని పోయేవాణ్ని. అయినా వాసన పోయేది కాదు. నేను వెళ్లి బల్ల మీద కూర్చుంటే పక్కవాళ్లు మెల్లగా అటు జరిగేవారు. అది నాకు మేలే అయింది, పెద్ద పుస్తకాలు పరుచుకోవడానికి జాగా దొరికేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. చరిత్ర, వైద్యం, జంతుశాస్త్రం ఏది దొరికితే అది చదివాను. డిగ్రీలున్న చాలామంది కంటే నేనే ఎక్కువ చదివానని అప్పుడూ అనుకునేవాణ్ని, ఇప్పుడూ అనుకుంటాను.

కొత్త కాపీరైటు చట్టం వచ్చిన రోజుల్లో దాని ప్రతి లైబ్రరీకి చేరింది. ఎనిమిది సాయంత్రాలు కూర్చుని చదివాను. మరునాడు మా యజమాని కరీం సాబ్‌తో గొప్పగా చెప్పాను.

"సాబ్, బొమ్మ ఎవలు గీస్తే హక్కు వాళ్లదేనట. అడగకుండ అచ్చేసుడు తప్పట."

ఆయన పాన్ నములుతూ విన్నాడు. "మంచిది సత్తెయ్యా. మన అలమారల లక్ష్మీదేవి బొమ్మ ఉన్నది గదా. జర పోయి ఆమెను అడిగిరా."

ప్రెస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. చట్టం చదివినవాణ్ని నేనే, మరునాటి నుంచి మామూలుగా పనిచేసినవాణ్నీ నేనే. చదివింది చేతిలోకి దిగడానికి చాలా కాలం పడుతుంది. లైబ్రరీ నాకు చెప్పని సంగతి అదొక్కటే.

బ్లాకుల అలమార

ఇప్పటివాళ్లకు బ్లాకు అంటే తెలియకపోవచ్చు. బొమ్మను జింకు రేకు మీద ఆమ్లంతో చెక్కించి, ఆ రేకును చెక్కదిమ్మకు మేకులతో బిగిస్తారు. అదే బ్లాకు. ఒక్క బ్లాకు చేయించాలన్నా హైదరాబాదు పోవాలి, వారం ఆగాలి. అందుకని ఏ ప్రెస్సూ పాత బ్లాకును పారేసేది కాదు. అలమారలో దాచేది, అడిగిన ప్రెస్సుకు ఇచ్చేది, వాళ్ల దగ్గరవి తెచ్చుకునేది. పక్కింటివాళ్లు నిచ్చెన అడిగితే ఇచ్చినట్టే. నల్లగొండ బ్లాకు మహబూబ్‌నగర్‌కు పోయేది, అక్కడిది ఇక్కడికి వచ్చేది. నాలుగు చేతులు మారాక మొదట ఆ బొమ్మ గీసింది ఎవరో ఎవరికీ గుర్తుండేది కాదు. బ్లాకు ఎవరి అలమారలో ఉంటే బొమ్మ వాళ్లది. ఇది ఎక్కడా రాసి లేదు. అందరం పాటించేవాళ్లం.

బ్లాకు ఇచ్చినవాడు ఇచ్చేది జింకు, చెక్క. బొమ్మను ఇచ్చే అధికారం ఆయనకు లేదు. ఇంత చిన్న తేడా మా అందరి బుర్రల్లో ఎక్కడా లేదు.

ప్రసాదరావు గారి పుస్తకం

అరవైల మొదట్లో ఒక కాలేజీలో చరిత్ర చెప్పే ప్రసాదరావు గారు తన పరిశోధనను పుస్తకంగా వేయమని మా దగ్గరికి తెచ్చారు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. యుద్ధంలో చచ్చిపోయిన వీరుల గుర్తుగా పొలాల్లో, ఊరి బయట నిలిపిన రాళ్ల గురించి ఆ పుస్తకం. రాత బాగుంది. ఆయన తిరిగిన ఊళ్లు తక్కువ, చదివిన పుస్తకాలు ఎక్కువ. బొమ్మలు మాత్రం లేవు.

"బొమ్మల్లేకపోతే రాళ్ల పుస్తకం ఏం బాగుంటుందండీ?" అన్నారు.

"మా అలమారల ఉన్నయ్ సార్" అన్నాను. అన్నది నేనే.

మహబూబ్‌నగర్ ప్రెస్సు నుంచి ఏదో పని మీద మాకు వచ్చి తిరిగి పోని బ్లాకులు ఎనిమిది ఉన్నాయి. కట్టంగూరు, కేతేపల్లి చుట్టుపక్కల ఉన్న అలాంటి వీరగల్లులవే. ఎంత బాగా గీశారో! రాయి పగిలిపోయిన చోట గీత ఆగి, ఉండాల్సిన చోట చుక్కలతో సాగేది. ప్రసాదరావు గారు పిల్లాడిలా సంబరపడ్డారు.

ఒక్కటే చిక్కు. బ్లాకులు మా పేజీ కొలత కంటే చిటికెన వేలెడు వెడల్పు ఎక్కువ. కుడి వైపు కింద మూలలో చిన్న సంతకం, దాని పక్కన ఖాళీ. నేను పెన్సిల్‌తో గీత గీసి ఇచ్చాను, కంపోజిటరు ఆ గీత వెంట రంపంతో కోశాడు. ఎనిమిదింటినీ. సంతకం పోతుందని నాకు తెలుసు. పేజీ కుదరాలి, అంతే అనుకున్నాను.

బొమ్మల కింద రాయాల్సింది ప్రసాదరావు గారు ఖాళీగా వదిలేశారు. ప్రూఫు దిద్దుతూ నేను "రచయిత సేకరణ" అని పెట్టాను. అంతకు ముందు వేసిన పుస్తకాల్లో అలాగే పెట్టేవాళ్లం. ఆయన చూశారు, దిద్దలేదు. ఆయన తప్పు అడగకపోవడం. నా తప్పు తెలియనిదాన్ని తెలిసినట్టు నింపడం. రెండిట్లో నాదే పెద్దదని ఇప్పటికీ నా అభిప్రాయం. ఖాళీ చూసి ఎవరైనా ఆగి అడుగుతారు. నింపిన మాటను ఎవరూ అడగరు.

నా బొమ్మలు నేనే దొంగతనం జేసిన్నట

పుస్తకం వచ్చిన ఏడాదికి ఒక మధ్యాహ్నం సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి ప్రెస్సులోకి వచ్చాడు. చంకలో కాగితాల చుట్ట. షాద్‌నగర్ బడిలో డ్రాయింగ్ చెప్పే సారు. పేరు నర్సింలు. ఇంకా పర్మినెంటు కాలేదు. మా పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, చుట్ట విప్పాడు. అవే ఎనిమిది బొమ్మలు, పెన్సిల్‌లో. మూలన సంతకం.

"ఇవి ఎవలు ఇచ్చిండ్రన్నా మీకు?" అన్నాడు. గొంతు పెంచలేదు.

కరీం సాబ్ లేచి వచ్చాడు. "ఏమైంది మాస్టర్ సాబ్? కూసోండి, చాయ్ తెప్పిస్త."

"చాయ్ తాగేటట్టు లేదు సాబ్ నా పరిస్థితి."

విషయం ఇది. పాత శిల్పాలను చూసుకునే ఒక సర్కారు శాఖలో చిత్రకారుడి ఉద్యోగం పడింది. నర్సింలు సారు ఆ ఎనిమిది బొమ్మలు పట్టుకుని ఇంటర్వ్యూకు పోయాడు. అక్కడి అధికారి బొమ్మలు చూసి, లోపలికి పోయి మా పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. ఒక లెక్చరర్ గారి సేకరణలోని చిత్రాలను చూసి దించి, కింద తన సంతకం పెట్టుకున్నావేమని అడిగాడు.

"ఇరవై రోజుల్ల రుజువు తెమ్మన్నరు. నా బొమ్మలు నేనే దొంగతనం జేసిన్నట! ఈ మాట బడిల ఎర్కైతే ఉన్న నౌకరీ గూడ ఉండదు."

అసలు కాగితాలున్నాయి కదా అంటే, వాటి మీద తేదీలు లేవన్నాడు. "తేదీ ఎందుకేస్త? నాకోసం గీసుకున్న. ఎండకాలం సెలవులల్ల ఇటు చుట్టాలింట్ల ఉండి, సైకిల్ ఏసుకొని పోయి, రాయి కడిగి, పొద్దుటి ఎండ పక్కకెల్లి పడేటప్పుడు గీసిన. రైతులు నన్ను పిచ్చోడనుకున్నరు."

ఆ బొమ్మలు మహబూబ్‌నగర్‌కు ఎట్లా పోయాయని అడిగాను. అంతకు ముందు అక్కడి బడిలో పనిచేసినప్పుడు ఆ బడి వార్షిక సంచికకు తనే ఇచ్చాడట. అక్కడి ప్రెస్సువాళ్లు బ్లాకులు చేయించుకున్నారు. తన దగ్గరున్న సంచికను చెదలు తిన్నాయి. బడిలో వెతికితే కనబడలేదు.

నేను అప్పుడే చెప్పాను. "సారూ, ఆ సంతకం కోయించింది నేనే."

ఆయన నా మొహం చూశాడు. "పేజీకి సరిపోలేదా?" అన్నాడు.

"అవును."

"అయితే బొమ్మను జర చిన్నగ చేయించుకోవల్సింది" అన్నాడు. తిట్టి ఉంటే నాకు అంత బాధ అనిపించేది కాదు.

ఏడొందల ఏళ్ల రాయి

మరునాడు ప్రసాదరావు గారి దగ్గరికి పోయాను. ఆయన చెడ్డమనిషి కారు. భయపడ్డారు. ఆ ఏడే ఆయన పై పోస్టు కోసం అర్జీ పెట్టుకున్నారు, అర్జీతో పాటు ఈ పుస్తకమూ పంపారు.

"చూడండి సత్తయ్య గారూ, ఏడొందల ఏళ్ల నాటి రాయండీ అది. చెక్కినవాడు ఎప్పుడో పోయాడు. దానికి హక్కేంటండీ?"

"రాయికి లేదు సార్. రాయిని చూసి గీసిన బొమ్మకు ఉంది."

"పరిశోధనకు వాడుకోవచ్చని ఆ చట్టంలోనే ఉందటగా?"

ఉంది. నేనూ చదివాను. చూసి రాసుకోవడం వేరు, అచ్చేసి అమ్మే పుస్తకంలో పూర్తి బొమ్మ పెట్టడం వేరని చెప్పాను. ఆ గీత సరిగ్గా ఎక్కడుందో నాకు అప్పుడు తెలియదు, నేను వకీలును కాను. ఒక సంగతి మాత్రం తెలుసు. అక్కడి దాకా పోయే పనే లేదు. ఎవరు గీశారో రాయకుండా చట్టం మమ్మల్ని ఆపలేదు, మేమే రాయలేదు.

"మీ అలమారలోంచి మీరే తీసిచ్చారండీ" అన్నారు చివరికి.

అది నిజం.

మహబూబ్‌నగర్‌లో రెండు రోజులు

లైబ్రరీలో ఏళ్లు కూర్చున్నవాడికి ఒకటి తెలుస్తుంది. ఎవరూ చదవనివి కూడా అక్కడికి వస్తాయి, ఎవరూ పారేయరు. ఆ ఊరి బడి సంచిక ఆ ఊరి లైబ్రరీకి తప్పకుండా ఒకటి వచ్చి ఉంటుంది. సెలవు పెట్టి బస్సెక్కాను.

అక్కడి లైబ్రేరియన్ ముసలాయన. "బడి సంచికలా? అవి ఎవలు చూస్తరయ్యా?" అంటూ వెనక గది చూపించాడు. తాడుతో కట్టిన మోపులు. రిజిస్టరులో ఎక్కినవి కొన్ని, ఎక్కనివి చాలా. మొదటిరోజు దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. రెండో రోజు పొద్దెక్కాక, విత్తనాల కరపత్రాల మధ్యలో పలచటి సంచిక బయటపడింది. ఎనిమిది బొమ్మలు. మూలన సంతకం చెక్కుచెదరకుండా ఉంది. అట్ట మీద సంవత్సరం. మా పుస్తకం కంటే ముందుది. వెనక పేజీలో చేరిన తేదీతో లైబ్రరీ ముద్ర.

సంచిక బయటికి ఇవ్వకూడదన్నాడు ముసలాయన. ఇవ్వవద్దనే నేనూ అన్నాను. అది ఉండాల్సింది అక్కడే. ఏ పేజీలో ఏముందో, ముద్ర మీద తేదీ ఏమిటో రాసి సంతకం చేసివ్వమన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మలను చాలాసేపు చూశాడు.

"మా నర్సింలు సారు గీసినవి. గీ లైబ్రరీల గూసొనే పుస్తకాలు చూస్తుండె. ఇన్నొద్దులు ఇవి ఈడున్నట్టు నాకే ఎర్క లేదు చూడు" అంటూ రాసిచ్చాడు.

కరీం సాబ్ ముద్ర

రుజువు దొరికింది, అయినా ఒక ప్రశ్న మిగిలింది. సంతకం ఉన్న బొమ్మ మా పుస్తకంలో సంతకం లేకుండా ఎలా వచ్చింది? దానికి జవాబు రాయగలిగింది నేనొక్కణ్నే. బ్లాకులు ఎక్కడివో, ఎవరు కోయించారో, "రచయిత సేకరణ" అన్న మాట ఎవరు పెట్టారో ఒక పేజీలో రాశాను. కరీం సాబ్‌కు చూపించాను.

"నీ పేరు రాసుకో. నా ప్రెస్ పేరు ఎందుకు రాస్తవ్?" అన్నాడు. "రేపు కాలేజీలోళ్లు పని ఇయ్యకపోతే అందరం ఏం తింటం?"

"ప్రెస్సు పేరు లేకపోతే వాళ్లు నమ్మరు సాబ్. ఎవడో దోస్తు రాసిచ్చిండనుకుంటరు."

ఆయన కోపంగా బయటికి పోయాడు. సాయంత్రం వచ్చి కాగితం మళ్లీ చదివి, "దీంట్ల అబద్ధం ఒకటున్నది" అన్నాడు.

"ఏంది సాబ్?"

"'నేను కోయించాను' అని రాసినవ్. ఈ ప్రెస్సుల రంపం నాది. 'మేము కోయించాము' అని రాయి."

దిద్దాను. ఆయన ముద్ర వేసి సంతకం పెట్టాడు. యజమానుల గురించి నేను చాలా తిట్లు విన్నాను, కొన్ని తిట్టాను కూడా. కరీం సాబ్ గురించి ఎవరైనా అడిగితే ఈ ఒక్క సంగతి చెబుతాను.

ప్రసాదరావు గారు కూడా మూడు వాక్యాలు రాసిచ్చారు. చిత్రకారుడు ఎవరో తనకు తెలియదనీ, తెలుసుకోలేదనీ, పొరపాటు అనీ. ఆ "తెలుసుకోలేదు" అన్న మాట రాసే ముందు ఆయన కలం కాసేపు ఆగింది.

నర్సింలు సారు మూడు కాగితాలూ పట్టుకుని గడువు లోపలే పోయి ఇచ్చాడు. నెల తిరగకముందే జవాబు వచ్చింది. చిత్రాలు ఆయనవేనని ఒప్పుకున్నారు. ఆ ఉద్యోగంలోకి మాత్రం అప్పటికే ఇంకొకరిని తీసుకున్నారు. మళ్లీ ఖాళీ పడితే పిలుస్తామన్నారు. నాకు తెలిసినంత వరకు పిలవలేదు.

కొత్తగా వచ్చేవాళ్లు ఈ మాట జాగ్రత్తగా వినాలి. తప్పు దిద్దుకుంటే అంతా మునుపటిలా అయిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది. నేను చూసినంతలో, దిద్దుబాటు వచ్చేసరికి అవతలివాడి బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

రెండో ముద్రణ

ఇంకో రెండేళ్లకు ఆ పుస్తకం మళ్లీ వేయాల్సి వచ్చింది. ఈసారి ప్రసాదరావు గారే, "అనుమతి తీసుకోండి, పేరు పెద్దగా వేద్దాం" అన్నారు. షాద్‌నగర్ పోయాను. నర్సింలు సారు కిరాయి ఇంటి అరుగు మీద పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. చాయ్ తాగించాడు. నేను అడిగింది మొత్తం విన్నాడు.

"ఇన్నేండ్లల నా బొమ్మ కావాలని నన్ను అడిగిన మొదటి మనిషివి నువ్వే సత్తెన్నా" అన్నాడు.

నేను సంతోషపడ్డాను.

"ఇయ్య" అన్నాడు.

"సారూ, పేరు వేస్తం. సంతకంతో వేస్తం."

"వేస్తరు, నాకెర్కే. నువ్వు అబద్ధమాడవు. గని ఆ పుస్తకంల వద్దు. ఆ పుస్తకం తెరిస్తే నాకు ఆ ఆఫీసు గది యాదికొస్తది." చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అడిగినవ్ గదా. అడిగితే వద్దనొచ్చు గదా?"

"అనొచ్చు సారూ."

తిరిగి వచ్చి చెబితే ప్రసాదరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "కాదన్నాడా? మరి అడగడం దేనికండీ?"

"అందుకే సార్" అన్నాను.

అచ్చుకు కూర్చిన పేజీల్లోంచి ఎనిమిది బ్లాకులూ తీసేశాను. ప్రసాదరావు గారు కొన్నాళ్లు చిరాకుపడ్డారు, తర్వాత ఒక ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని కట్టంగూరు బస్సెక్కారు. వారం తిరిగారు. మొహం నల్లబడి, చెప్పులు తెగి వచ్చారు. ఏడు రాళ్లకు ఫొటోలు దొరికాయి. గీతల్లో ఉన్నంత స్పష్టంగా లేవు, కాని పనికొస్తాయి. ఎనిమిదో రాయి మాత్రం కుదరలేదు. కేతేపల్లి దగ్గర ఒక రైతు దాన్ని కాలువ మీద దాటడానికి అడ్డంగా పరిచాడు, బొమ్మ కిందికి పోయింది. లేపమని అడిగితే రైతు, "లేపితే నేను దాటేదెట్ల? నీ పుస్తకం మీదికెల్లి నడవాల్నా?" అన్నాడట.

అంటే ఆ వీరుడు ఇప్పుడు నర్సింలు సారు గీసిన గీతల్లో తప్ప ఎక్కడా కనిపించడు.

"ఒక్కో రాయి దగ్గర ఆయన ఎన్నాళ్లు కూర్చున్నాడో మీకు తెలుసా?" అని అడిగారు ప్రసాదరావు గారు. నాకు తెలియదన్నాను. నా బల్ల మీది పోస్టుకార్డు తీసుకుని, అక్కడే నిలబడి షాద్‌నగర్‌కు రాశారు. ఏం రాశారో నేను చదవలేదు. పేజీలు అచ్చుకు బిగించే రోజు దాకా జవాబు కోసం ఆగాం. రాలేదు.

ఆ పేజీలో బొమ్మ పట్టేంత ఖాళీ చతురస్రం వదిలి, దాని కింద ప్రసాదరావు గారు చెప్పిన వాక్యం నేనే నా చేత్తో కూర్చాను: "ఈ శిల్పాన్ని చూసి నర్సింలు గారు గీసిన చిత్రం ఉంది. అది వారిది. ఇక్కడ ముద్రించలేదు."